నాంచారయ్య కేక

ఊ కొట్టేవాళ్ళుంటేనే చెబుతాను. ఆవులించేవాళ్ళు ఇప్పుడే లేచిపొండి. మీ తాతల తాతలకి ఇంకా మీసాలు మొలవని కాలంలో, కొంగలమడుగు ఒడ్డున నాంచారయ్య అని ఒక జాలరి ఉండేవాడు. ఆస్తంటారా, ఒక తాటిదోనె, ఒక గాలం. పేరంటారా, కుదురులేని మనిషని తప్ప ఇంకే పేరూ లేదు.

వాడి నేస్తం పోతరాజు. చుట్టరికం లేదు గానీ ఇద్దరూ బావా అంటే బావా అనుకునేవారు. చెరో దోనెలో కలిసే వేటకెళ్ళేవారు. మడుగు నిండా మనిషెత్తు జమ్ముగడ్డి. కాస్త పక్కకి జరిగితే చాలు, రెండోవాడు కనబడడు. కనబడకపోతే నాంచారయ్యకి కాళ్ళూ చేతులూ ఆడవు.

"ఉన్నావా బావా?" అని కేకేసేవాడు.

"ఉన్నానోయ్!" అని పోతరాజు పలికేదాకా వాడికి ఊపిరి సలపదు.

ఒకనాడు పోతరాజు కూతురు జ్వరంపడి లేచింది. నోటికేదీ సహించట్లేదు. "నాన్నా, కొర్రమీను పులుసైతే రెండు ముద్దలు తింటాను" అంది. తెల్లారేసరికి నేస్తాలిద్దరూ మడుగులో ఉన్నారు. పోతరాజు గాలానికి కప్పపిల్లని గుచ్చి జమ్ము మొదట్లో వదిలాడు. నీళ్ళు కదిలాయి. కొర్రమీనే!

"ఉన్నావా బావా?"

చేప చటుక్కున మునిగిపోయింది. "ఉన్నానోయ్" అన్నాడు పోతరాజు పళ్ళు నూరుతూ.

ఎండెక్కింది. మళ్ళీ చేప వచ్చింది. మళ్ళీ "ఉన్నావా బావా?" మళ్ళీ చేప పోయింది.

మూడోసారి వచ్చింది చూడండి, చెయ్యంత పొడుగుంది. నోరు తెరిచింది. "ఉన్నావా బావా?" పోతరాజు పలకలేదు. ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. అంతే, నాంచారయ్య జమ్మంతా తొక్కుకుంటూ దోనె తోసుకొచ్చేశాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"పలకవేం బావా? మునిగిపోయావనుకున్నాను!"

"నీ కేకలు తగలెయ్య! అక్కడ నా పిల్ల పస్తులుంది. ఇవాళ ఇంకొక్కసారి నోరు తెరిచావా, నువ్వెవరో నేనెవరో!"

నాంచారయ్య బిక్కమొహం వేశాడు. "సరే బావా. ఇంక పిలవను" అని దోనె తిప్పుకుని జమ్ములోకి వెళ్ళిపోయాడు.

అబ్బ, ఎంత హాయి! మడుగంతా చప్పుడు లేదు. కాసేపటికే చేప పడింది. దోనెలో టపటపా కొట్టుకుంటుంటే పోతరాజు సంబరంగా నవ్వుకున్నాడు. ఆ తర్వాత ఏమిటో, ఒకటే గాభరా. చుట్ట ముట్టించాడు, పారేశాడు. లేచాడు, కూర్చున్నాడు. రోజూ విసుక్కునే ఆ కేక కోసమే చెవులు రిక్కించాడు.

"ఉన్నావా బావా?" ఈసారి పిలిచింది పోతరాజు. జవాబు లేదు. అలిగాడేమో అనుకున్నాడు.

"ఉన్నావా బావా? చేప పడిందిరా!" జవాబు లేదు.

"ఉన్నావా బావా!" ఆ అరుపుకి కొంగలన్నీ లేచిపోయాయి గానీ మనిషి పలకలేదు.

జమ్ము చీల్చుకుంటూ వెళ్ళాడు. ఎంతో దూరం కాదు. దోనె బోర్లాపడి ఉంది. కాళ్ళకి తామరకాడలు చుట్టుకుని నాంచారయ్య నీళ్ళలో ఉన్నాడు. పైకి లాగి, రొమ్ము మీద మోది, "ఒక్కసారి పలకరా బావా" అని గొంతు పోయేదాకా ఏడ్చాడు. ఏం లాభం?

అంత దగ్గర! ఒక్క కేక వేసుంటే చెయ్యందించేవాడు కదా. పిలిచే వ్యవధి లేక పిలవలేదా, ఇచ్చిన మాట కోసం నోరు నొక్కుకున్నాడా? బతికినన్నాళ్ళూ పోతరాజు కనబడినవాళ్ళనల్లా అదే అడిగాడు. ఎవరేం చెబుతారు పాపం! రోజూ మడుగులోకెళ్ళి, ఎవరూ పిలవకుండానే "ఉన్నానోయ్! ఉన్నానోయ్!" అని అరిచేవాడు. మొదట్లో జనం నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే ఆ మాట అందుకున్నారు.

ఇప్పటికీ కొంగలమడుగులో గాలం వేసేవాళ్ళు ఒకరినొకరు పిలుచుకుంటూనే ఉంటారు. దాన్నే నాంచారయ్య కేక అంటారు. కేకలకి చేపలు బెదిరిపోవా అని పైఊరివాళ్ళు అడిగితే, పోతే పోనివ్వండి అంటారు. పొలం గట్టు తగాదాలు పడి ఏళ్ళ తరబడి మాటల్లేని అన్నదమ్ములు కూడా అంతే. ఒడ్డెక్కాక మళ్ళీ మొహాలు తిప్పుకుంటారు గానీ, జమ్ములో ఉన్నంతసేపూ ఒకడు పిలిస్తే రెండోవాడు పలుకుతాడు.