చిల్లులేని కంచె

అది కార్తీకమాసం, మొదటి సోమవారం, ఉదయం ఎనిమిది గంటల వేళ. అనగనగా, నల్లకొండల వెనక అడ్డతీగలు అల్లుకున్న ఒక అడవిలో, చారమ్మ అనే ఉడుత తులసమ్మకు దీపం పెట్టి అప్పుడే వసారాలోకి వచ్చింది.

చారమ్మది విస్తళ్ళు కుట్టే ఇల్లు. ఆవిడా, మరిది గింజన్నా, కోడలు చివురమ్మా ముగ్గురూ అడ్డాకులు కుట్టేవారే. ఈమధ్యే ఒక కంప్యూటరు కూడా పెట్టుకున్నారు. విస్తళ్ళు కావలసినవాళ్ళు నెట్‌లో కబురు పెడతారు. వీళ్ళు కుట్టి పంపుతారు.

ఆ ఉదయం గింజన్న కంప్యూటరు ముందు ఒకటే గెంతులు.

"వదినా! మనకు బహుమతి! బస్తాడు వేరుశెనగలట! ఇక్కడ నొక్కితే చాలట!"

"ఎవరు పంపారయ్యా?"

"ఎవరైతేనేం, వేరుశెనగలు కదా!" అంటూ నొక్కేశాడు.

అంతే! తెరంతా నక్క బొమ్మలే. ఎటు నొక్కినా నక్కే నవ్వుతోంది. కంప్యూటర్లు బాగుచేసే కాకి వచ్చి అంతా సరిచేసేసరికి పొద్దుగూకింది.

"చినమావయ్యా, వేరుశెనగలు వేయించనా, ఉడకబెట్టనా?" అంది చివురమ్మ. గింజన్న తోకతో మొహం కప్పుకున్నాడు.

చారమ్మకు మాత్రం నవ్వు రాలేదు. కార్తీక పున్నమికి ఉసిరిచెట్టు కింద అడవంతటికీ వనభోజనాలు. అమ్మవారి ప్రసాదం ఏటా వడ్డించేది వీళ్ళ విస్తళ్ళలోనే. అత్తగారి అత్తగారి నాటి నుంచీ వస్తున్న సేవ అది. విస్తళ్ళు కావాలని కబురు వచ్చే వేళకు కంప్యూటరు ఇలా చెడిపోతే?

"నెట్‌కు కాపలా పెట్టుకుందాం. మంచిని రానిచ్చి చెడును ఆపే సాఫ్ట్‌వేరు ఉంటుందట," అంది చారమ్మ. ఆ మాట అడవిలో పాకింది. అమ్మేవాళ్ళు ఒకరి వెనక ఒకరు వచ్చారు.

ముందు నెమలి వచ్చింది. పురివిప్పి, తెర మీద రంగురంగుల చక్రాలు తిప్పి చూపించింది.

"చాలా బాగుంది నాయనా. ఇంతకీ ఇది ఏం ఆపుతుంది?"

"ముందు రంగులు చూడండమ్మా!"

ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. చారమ్మ మజ్జిగ ఇచ్చి పంపేసింది.

తరవాత దేవాంగపిల్లి నిదానయ్య వచ్చాడు. పెద్ద పెద్ద కళ్ళు, మెల్లటి నడక. "అమ్మా, మీ ఇంట్లో ఎవరు ఏం పని చేస్తారు? కబుర్లు ఎవరెవరి దగ్గర్నుంచి వస్తాయి? ఒక పూట కూర్చుని చూస్తాను," అన్నాడు.

"ఈయన ఒక కాలెత్తి ఇంకో కాలు దించేసరికి పున్నమి వెళ్ళిపోతుంది వదినా!" అని గింజన్న గొణిగాడు. నిజమేననుకుని చారమ్మ అతన్నీ పంపేసింది.

చివరికి ముళ్ళపంది శూలయ్య వచ్చాడు. "అమ్మగారూ, నా సాఫ్ట్‌వేరు పేరు కంచె. దానికి ఒక్క చిల్లు లేదు. చీమైనా దూరదు!"

చారమ్మ మొహం వెలిగిపోయింది. ఆ ఇంట్లో ప్రతి విస్తరిలోనూ నీళ్ళు పోసి చూస్తారు. బొట్టు కారిందా, పక్కన పడేస్తారు. "చిల్లు లేనిదే మంచి విస్తరి. కంచె కూడా అంతే కదూ!" అనుకుని శూలయ్య కంచె వేయించుకుంది.

నక్క మళ్ళీ రాలేదు. ఏ కబురూ రాలేదు. మొదట్లో చారమ్మ "ఎంత ప్రశాంతం!" అనుకుంది. రానురాను ఆ ప్రశాంతమే భయం పుట్టించింది. అందరూ మమ్మల్ని మరిచిపోయారా తల్లీ, అని అమ్మవారికి మొక్కుకుంది.

ఎల్లుండి పున్నమి అనగా, వనభోజనాల పెద్ద, ఏనుగు రత్తమ్మ, గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నిలబడితే ఇంట్లో వెలుతురు పోయింది.

"ఏమే చారమ్మా! కబురు మీద కబురు పెట్టాను. బదులివ్వవేం? నువ్వు పెద్దదానివైపోయావా, నేను నీ కంటికి ఆననంత చిన్నదాన్నైపోయానా?"

"అయ్యో వదినగారూ, ఒక్కటీ అందలేదండీ!"

"ఆ సంగతి నాకు తెలీదు. రేపు సాయంత్రానికి విస్తళ్ళు రావాలి. లేదంటే గోరింకల దగ్గర తీసుకుంటా."

చారమ్మ పరుగున వెళ్ళి కంప్యూటరులో వెతికి చూస్తే రత్తమ్మ కబుర్లు, దుప్పుల కబుర్లు, చుట్టాల కబుర్లు, అన్నీ కంచె బయటే పడి ఉన్నాయి.

చివురమ్మ నసిగింది. "ఈ కంచె నెట్‌లో విస్తళ్ళ కొత్త కుట్ల బొమ్మలు కూడా చూడనివ్వడం లేదు అత్తయ్యా. అందుకని నేను పక్కచెట్టు కోతులవాళ్ళ నెట్ వాడుకుంటున్నా."

"దానికి కాపలా ఉందటే?"

"కోతుల ఇల్లు అత్తయ్యా... తలుపే లేదు!"

శూలయ్యను పిలుద్దామంటే, ఆ కబురు కూడా కంచె దాటలేదు!

చారమ్మ కొంగు బిగించి, తానే నిదానయ్య చెట్టుకు పరుగెత్తింది. "నాయనా, ఆవేళ నీ మాట వినలేదు," అంది. అతను దెప్పలేదు. వెంటనే వచ్చి కూర్చున్నాడు.

"అమ్మా, విస్తరికి చిల్లు ఉండకూడదు. నిజమే. మరి పిండి దేంతో జల్లిస్తారు?"

"జల్లెడతో."

"దానికీ చిల్లులు పూడ్చేస్తే?"

చారమ్మ పకపకా నవ్వింది. "పొట్టూ దిగదు, పిండీ దిగదు. ఇంటిల్లిపాదీ పస్తే!"

"కాపలా కూడా జల్లెడేనమ్మా. ఎంత చిల్లు ఉండాలో మీ పని చూసి పెట్టుకోవాలి. నా కాపలా ఈ పూట వాడి చూడండి. నచ్చితేనే ఉంచుకోండి."

శూలయ్య కంచె తీసి తన కాపలా పెట్టాడు. కొనేవాళ్ళ కబుర్లకు దారి ఇచ్చాడు. చివురమ్మకు కుట్ల బొమ్మలు తెరిచాడు. తెలియనివాళ్ళు పంపినది ఏదైనా నొక్కబోతే, 'ఇంట్లో అడిగావా గింజన్నా?' అని తెర మీద పడేలా చేశాడు. అరగంటలో నక్క కబురు వచ్చి బయటే చిక్కుకుంది. రత్తమ్మ కబుర్లు మాత్రం జలజలా లోపలికి రాలాయి.

ఇక చూడాలి హడావిడి! సంగతి విని కుందేళ్ళు ఆకులు తెచ్చాయి. చిలకలు తుంచి ఇచ్చాయి. శూలయ్య తలొంచుకుని వచ్చాడు. "అమ్మగారూ, నా ముళ్ళు విస్తళ్ళు కుట్టే పుల్లలుగా పనికొస్తాయా?"

"రావయ్యా, కూర్చో. ముందు ఫలహారం తిను," అంది చారమ్మ.

మర్నాడు సాయంత్రం దీపాల వేళకు విస్తళ్ళ కట్టలు ఉసిరిచెట్టు కింద ఉన్నాయి. పున్నమినాడు అడవంతా పంక్తుల్లో కూర్చుని పులిహోర, పప్పు, పాయసం తిన్నది. రత్తమ్మ మారు వడ్డించమని తొండం చాచింది.

తెల్లవారి ఇంటిల్లిపాదీ వెళ్ళి ఎంగిలి విస్తళ్ళు ఏరి, చెట్ల పాదుల్లో వేశారు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, కంప్యూటరు తెరవకముందే ముగ్గురూ కూర్చుని, ఎవరి పనికి ఏం కావాలో ఒకరినొకరు అడిగి తెలుసుకున్నారు.

నీతి: అందరినీ ఆపేది కాపలా కాదు, మన పనేమిటో తెలుసుకుని, రావలసినవారిని రానిచ్చి, రాకూడనివారిని ఆపేదే మంచి కాపలా.