రాయితో వచ్చిన పీత

పేరా? దానికి పేరు నేదమ్మా. ఆ గాజుపెట్టెలో అందరికీ పేర్లున్నాయి, ఒక్క పీతకే నేదు.

ఒక అయ్యగారు ఇంట్లో సముద్రం పెట్టుకున్నారు. గాజుపెట్టె, ఉప్పునీళ్ళు, పైన లైటు. నీలం సేపని కొని ఏసేరు, ఎర్ర సేపని కొని ఏసేరు. ఆటికి నీడ కావాలని సముద్రంలోంచి బొక్కలబొక్కల రాయొకటి తెప్పించేరు. మా జాలరోళ్ళయితే రాయి ఎత్తేముందు ఏలితో కొట్టి, "ఎవులున్నారు లోన?" అని అడుగుతారు. ఏదన్నా కదిలితే రాయి అక్కడే వొగ్గేస్తారు. అయ్యగారు అడగనేదు.

ఆ రాయిలో ఒక పీతా, దాని పెళ్ళామూ కాపరముంటన్నాయి.

మగపీత మేతకని బయటికొచ్చింది. అయ్యగారు సూసేరు. "ఇదేటి, నేను కొననేదే!" అని ఫొటో తీసి ఫోన్లో తెలిసినోళ్ళకి పంపేరు. "కాళ్ళకి బొచ్చుంటే సెడ్డది, తీసి పారెయ్" అన్నారాళ్ళు. పట్టకారుతో పట్టి పారేసేరు.

ఆడపీత మిగిలింది. దాని కాళ్ళూ అయ్యగారి కంటబడ్డాయి గానీ అది బొక్క వొదల్నేదు.

నీలం సేప బొక్క గుమ్మంలోకొచ్చి తోకాడించింది. "ఏటే బొచ్చుకాళ్ళదానా, ఎవులు పిలిస్తే వొచ్చేవిక్కడికి?"

"నన్నెవులూ తేనేదు. నా ఇల్లు తెచ్చేరు. ఇంట్లో నేనున్నాను."

"నువ్వెవులో అయ్యగారికి తెలీదంట. పేరు సెప్పు. మంచిదానివైతే ఉండనిస్తారు."

"నా మంచీ సెడ్డా ఆయన తేలుస్తాడా? సెప్పను, పో."

"కాళ్ళకి బొచ్చుంది కదే!"

"మీ అయ్య మూతికి నేదేటి? ఆయన్నెవులు పారేసేరు?"

ఎర్ర సేప కిసుక్కుమంది. నీలం సేపకి మండింది. "నీవల్ల రోజూ ఆ సెయ్యి లోపలికొచ్చి నీళ్ళన్నీ కలిపేస్తంది. నీ మొగుడూ పోయేడు. ఇంకేటి సూసుకుని ఉన్నావే?"

పీత బొక్కలో ఇంకొంచెం ఎనక్కి జరిగింది.

"నా మొగుడు ఇడిసిన పాత పెంకుంది లోపల. దాని పక్కనే తొంగుంటాను. రాయి పగలగొట్టమను మీ అయ్యని. ఏ ముక్కలో పెంకుంటే ఆ ముక్కలో ఉంటాను."

అయ్యగారు రాయి తీసి మంచినీళ్ళలో ముంచేరు. ఉప్పు నేని నీళ్ళు పీతకి ఇసమే. కళ్ళు తిరిగేయి, ఒళ్ళు మండింది. కాళ్ళన్నీ బొక్కకి తన్నిపెట్టి బిగబట్టింది గానీ బయటికి రానేదు. విసుగొచ్చి రాయి మళ్ళీ పెట్టెలో పెట్టేసేరు.

ఆఖరికి ఒక సీసా దించేరు. దూరితే ఎనక్కి రానియ్యని సీసా. లోపల రొయ్యముక్క, పైన నల్లగుడ్డ. "పొద్దున్నే తీసి పారెయ్. ఇప్పి సూడకు, కరుస్తాది" అని పనిమనిషికి సెప్పి లైటార్పేసేరు.

రొయ్య వాసన బొక్కలోకొచ్చింది. పీతకి ఆకలిగానే ఉంది. మొగుడి పెంకుని గట్టిగా పట్టుకుని కదలకుండా కూకుంది.

నీలం సేప సీసా సుట్టూ తిరగతంది.

"అది నీక్కాదే, నాకోసం పెట్టేడు. ఎల్లకు" అంది పీత.

"నిన్న గాక మొన్నొచ్చినదానివి, నాకు సెప్తావా? ఆ సెయ్యి పెట్టిందేదైనా మాదే" అంది నీలం సేప.

తెల్లారి పనిమనిషి సీసా ఇప్పకుండానే తీసి పారేసింది. పెట్టెలో నీలం సేప నేదు.