మాబున్ని నెలవంక

అనగనగా ఒక కాలం. మరీ రాజులేలిన కాలం కాదు, అలాగని నిన్నమొన్నటిదీ కాదు. ఆటలన్నీ మనిషెత్తు పెట్టెల్లో ఉండే కాలం. పెట్టెకు ఒక అద్దం, అద్దం వెనక బొమ్మలు, అద్దం కింద ఒక పిడి, కొన్ని మీటలు. బిళ్ళ వేస్తే బొమ్మలు లేచి ఆడేవి.

ఆ కాలంలో నాపరాళ్ళ గనుల పక్కన ఒక ఊరుండేది. ఊళ్ళో సుంకన్న అనే ఆయనకు ఒక రేకుల షెడ్డుండేది. షెడ్డులో మూడు పెట్టెలు. ఒకటి కారు పెట్టె, ఒకటి విమానం పెట్టె, ఒకటి కుస్తీ పెట్టె. మూడూ ఏ పట్నం వాళ్ళో వాడుకుని వదిలించుకున్నవే. అవి ఆడిన రోజులకంటే మూలపడ్డ రోజులే ఎక్కువ.

మూలపడ్డ పెట్టెను లేపే మనిషి మాబున్ని. రేడియోలు బాగుచేసే దస్తగిరి భార్య. టంకం పని మొగుడి దగ్గరే నేర్చుకుంది. పెట్టె వెనక చెక్క తీస్తే లోపల పచ్చటి బోర్డు ఉంటుంది. బోర్డు మీద నల్లటి చిప్పులు, జెర్రికి ఉన్నట్టు రెండు పక్కలా కాళ్ళు. కాళ్ళన్నీ టంకంతో బోర్డుకు అతికి ఉంటాయి. చిప్పు చచ్చిపోతే టంకం కరిగించాలి, కాలు కాలూ విడిపించాలి, దాని చోట ఇంకోటి కూర్చోబెట్టాలి. కూర్చోబెట్టడంలోనే ఉంది చిక్కంతా. చిప్పుకు ఒక కొసన చిన్న గుంట ఉంటుంది, నెలవంకలాగా. బోర్డు మీదా అలాంటి నెలవంకే గీసి ఉంటుంది. రెండూ ఒకే వైపుండాలి. తిరగేసి పెట్టారా, కరెంటు తగలగానే చిప్పు కాలిపోతుంది. కాలిపోయిందాన్ని ఇక ఎవ్వరూ బతికించలేరు.

అందుకే దస్తగిరి ప్రతిసారీ అడిగేవాడు.

"నెలవంక చూసినావా?"

"చూసినా."

"అయితే టంకం వెయ్."

కాపురం చేసినన్నాళ్ళూ ఆ ఇంట్లో ఎక్కువగా నడిచిన మాటలు ఇవే. కొన్ని ఇళ్ళల్లో ఆ మాత్రం మాటలు కూడా ఉండవు లెండి.

తర్వాత దస్తగిరి పోయాడు. అడిగేవాళ్ళు లేరు. మాబున్ని తనే అడిగేది, తనే చెప్పేది. "నెలవంక చూసినావా? చూసినా." అలా ఒంటరిగా అనుకుంటూ చాలా ఏళ్ళు పని చేసింది. ఒక్క చిప్పు కూడా కాలలేదు.

ఆ ఊళ్ళోనే ఓబులేసు అని ఒక పిల్లగాడుండేవాడు. పిల్లగాడంటే మీసాలొచ్చినవాడే. మంచాలకు నవారు అల్లి బతికేవాడు. చిన్నప్పుడే చూపు పోయింది. ఇతనికి కుస్తీ పెట్టె అంటే ప్రాణం. ఆ పెట్టెలో దెబ్బ దెబ్బకూ ఒక చప్పుడుంది. ఎగిరితే ఒకటి, తంతే ఒకటి, గుద్దితే ఒకటి. ఓబులేసు తల పక్కకు వంచి, చప్పుడు విని ఆడేవాడు. కళ్ళున్నవాళ్ళంతా వరసగా వచ్చి ఓడిపోయేవాళ్ళు. వీధిలో ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుంటే తప్ప నడవనివ్వరు గానీ, అక్కడ మాత్రం అతని పక్క నిలబడ్డానికే జంకేవాళ్ళు.

"నాకు ఇదొక్కటేనమ్మా," అన్నాడు ఒకసారి మాబున్నితో. "ఈడ నన్ను జూసి ఎవురూ అయ్యో అనరు."

ఆ కుస్తీ పెట్టెకే గొంతు పోయింది. బొమ్మలు ఆడతాయి, చప్పుడు రాదు.

మొదటిసారి పోయినప్పుడు చిప్పు కాళ్ళకు తుప్పు పట్టింది. మాబున్ని గీకి, తుడిచి, టంకం వేసింది. గొంతు వచ్చింది. ఓబులేసు ఆడాడు.

రెండోసారి చిప్పే పోయింది. పట్నంలో పాడుపడ్డ పెట్టె ఒకటుంటే దాని చిప్పు పీకించి తెచ్చారు. "నెలవంక చూసినావా? చూసినా." గొంతు వచ్చింది. ఓబులేసు ఆడాడు.

మూడోసారి చిప్పు ఎక్కడా దొరకలేదు. చేసేవాళ్ళు చేయడం మానేశారట. సుంకన్న బజార్లన్నీ తిరిగాడు. చివరికి పాత సామాన్ల కుప్పలో ఒకే ఒకటి దొరికింది.

"ఇది పోతే ఇంగ ల్యామ్మా," అని ఆమె చేతిలో పెట్టాడు.

అప్పటికి మాబున్ని కళ్ళను పొర కమ్మింది. ఎవరికీ చెప్పలేదు. చెప్తే పని ఎవరిస్తారని భయం. భయం కంటే పెద్దది పరువు. పక్కింటి ఆమె "కన్ను ఎట్లుంది మాబున్నీ?" అని అడిగితే "బాగానే ఉంది" అంది. సుంకన్న అడిగితే "బాగానే ఉంది" అంది. ఆఖరికి ఓబులేసు, "ఏమ్మా, నీ అడుగు తడబడతా వినిపిస్తాంది, కన్ను బాగుందా?" అని అడిగితే, "బాగానే ఉంది నాయనా" అంది.

పాత చిప్పు తీసింది. కొత్త చిప్పు పట్టుకుంది. వెలుతురుకు పెట్టి చూసింది. రెండు కొసలూ ఒకటిగానే కనబడ్డాయి. గుమ్మంలో సుంకన్న ఉన్నాడు. పిడి పట్టుకుని ఓబులేసు ఉన్నాడు. ఒక్క మాట అడిగితే చాలు. ఆమె అడగలేదు.

"నెలవంక చూసినావా?" అనుకుంది లోపల. "చూసినా," అనుకుంది. టంకం వేసింది.

సుంకన్న కరెంటు పెట్టాడు. బొమ్మలు లేచాయి. చప్పుడు లేదు. సన్నగా పొగ లేచింది.

"కాలిన వాసన వస్తాందమ్మా," అన్నాడు ఓబులేసు.

మాబున్ని కరెంటు తీయించింది. తర్వాత చిప్పును పీకి అరచేతిలో పెట్టుకుని, "తిరగేసి పెట్టినా నాయనా. నాకు కనపడల్యా," అంది.

ఓబులేసు చెయ్యి చాపాడు. ఇంకా వేడిగా ఉన్న చిప్పును వేళ్ళతో తడిమాడు. కాళ్ళు తడిమాడు, కొసలు తడిమాడు. ఒక కొసన అతని గోరు ఆగింది.

"ఈ గుంట ఏందమ్మా?"

"అదే నెలవంక."

"నా గోరుకు తగుల్తాంది గదా. నన్ను అడిగింటే చెప్పింటా గదమ్మా."

కోపంగా అనలేదు. తిట్టి ఉంటే ఆమె ఓర్చుకునేది. చిప్పు ఆమె చేతిలో పెట్టి, గోడ పట్టుకుని వెళ్ళిపోయాడు. మాబున్ని అక్కడే కూలబడి ఏడ్చింది.

ఓబులేసు మళ్ళీ షెడ్డు వైపు రాలేదు. కొన్నాళ్ళకు మాబున్నే వాళ్ళింటికి వెళ్ళింది. మంచం అల్లుతున్నాడు. పక్కన కూర్చుంది.

"రా నాయనా, షెడ్డుకు పోదాం."

"ఆడేకి ఏముందమ్మా ఆడ?"

"ఆడేకి గాదు. నేనడిగితే చెప్పేకి."

అతని వేళ్ళు నవారు మీద ఆగాయి. మళ్ళీ కదిలాయి. ఆ వరస పూర్తిచేసి లేచాడు.

అప్పట్నుంచి బోర్డు మీద తెల్లగా గీసిన నెలవంకను మాబున్ని చూసుకుంటే, నల్ల చిప్పు మీది గుంటను అతను గోరుతో చూసేవాడు. "నెలవంక చూసినావా?" "చూసినానమ్మా." కారు పెట్టె లేచేది, విమానం పెట్టె లేచేది. పిల్లలు కేకలు పెడుతూ ఆడేవాళ్ళు. ఓబులేసు ఆ కేకలు కాసేపు విని ఇంటికి పోయేవాడు. కుస్తీ పెట్టెకు మాత్రం గొంతు రాలేదు. ఎవరెన్ని చేసినా రాలేదు.

మాబున్ని ఆ సంగతి దాచుకోలేదు. పని తెచ్చినవాళ్ళకల్లా చెప్పేది. "నాకు కనపడల్యా. కనపడిందని అబద్ధం జెప్పినా. ఈ బిడ్డ ఆట జంపినా." పోనీలెమ్మా అనేవాళ్ళు. ఆమె పోనివ్వలేదు. చెప్పీ చెప్పీ ఊరంతటికీ కంఠతా వచ్చేసింది. కొందరు విసుక్కున్నారు కూడా.

ఒక ఎండాకాలం మాబున్ని కన్నుమూసింది. తన అనేవాళ్ళు పెద్దగా లేరు. గోరీల దొడ్డికి నలుగురైదుగురే వచ్చారు. సుంకన్న ఓబులేసును తీసుకొచ్చి పక్కన నిలబెట్టాడు. గుంతలో దించి, వాళ్ళ పద్ధతి ప్రకారం మొహం పడమటికి తిప్పారు. అందరూ పిడికెళ్ళలో మన్ను పట్టుకున్నారు.

"మొగం సరిగ్గా తిప్పినారా?" అన్నాడు ఓబులేసు.

"తిప్పినాం లే అబ్బీ," అన్నాడు దించిన మనిషి.

"తిప్పినోళ్ళు చెప్పేది గాదు. ఇంకొకరు జూసినారా?"

ఎవరూ కసురుకోలేదు. పిడికెళ్ళు అలాగే ఆగాయి. వాళ్ళల్లో ఒక ముసలాయన చేతిలో మన్ను పక్కన పోసి, మోకాళ్ళ మీద వంగి, గుంతలోకి తల పెట్టి చూశాడు. లేచి చేతులు దులుపుకున్నాడు.

"చూసినా నాయనా."

"అయితే మన్ను వెయ్యండి," అన్నాడు ఓబులేసు. అప్పుడు ఏడ్చాడు.

ఆ షెడ్డు ఇప్పుడు లేదు. పెట్టెలను ఎవరో పాత ఇనుముకు కొనుక్కుపోయారు. ఓబులేసూ లేడు. కానీ ఆ ఊళ్ళో టీవీ బాగుచేసినా, మోటారుకు తీగలు కలిపినా, గనిలో పేలుడు మందుకు నిప్పు పెట్టబోయినా, ముందు ఒక మాట అడుగుతారు. "మాబున్ని మాట అయిందా?" అని. పని చేసినవాడు జవాబు చెప్పకూడదు. ఇంకొకరు వచ్చి చూడాలి, చూసినా అనాలి. అంతవరకూ ఎవరూ మీట మీద చెయ్యి వేయరు. ఎవరూ తోడు లేకపోతే బయటికొచ్చి వీధిలో పోయేవాళ్ళను పిలుస్తారు. ఎంత తొందర పనిమీద పోతున్నా వాళ్ళు వస్తారు. వంగి, చూసి, చెప్పి పోతారు.