మోదుగాకులో చిల్లు

చెలిమగట్టు అడవిలో ఒక ఎలుగుబంటి, ఒక కోతి, ఒక ముంగిస, ఒక ఉడుత ఉండేవి. ఇంకా కుందేళ్లు, పావురాలు, ముళ్లపందులు కూడా ఉండేవి కానీ, ఈ కథలో వాటి పని ఎక్కువగా తలలూపడమే. అందుకని వాటి పేర్లు చెప్పను. వాటికి కోపం వస్తే రానివ్వండి.

ఎలుగుబంటిని అందరూ పెద్దయ్య అనేవాళ్లు. అడవిలో తగవులు తీర్చేది ఆయనే. కోతి పేరు టముకు. కాకరకాయ కోసుకొచ్చినా పది చెట్లకు వినబడేలా చాటుకునేవాడు కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. ముంగిస పేరు సూదమ్మ. ఆవిడకి సూదిలాంటి మూతి, ఇద్దరు పిల్లలు, కొద్దిపాటి మాటలు ఉండేవి. ఉడుత పేరు చింపిరి. దాని గొంతు చాలా చిన్నది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఆ ఏడు అడవిలో వెదురు పూసింది. వెదురు తరానికి ఒక్కసారే పూస్తుంది. పూసి, గింజ రాల్చి, ఎండిపోతుంది. ఆ గింజల్నే వెదురు బియ్యం అంటారు.

జంతువులన్నీ నెల రోజులు నడుములు పడిపోయేలా ఆ బియ్యం ఏరాయి. కొండ వారన ఉన్న గుహలో పోగేశాయి. పోగు పెద్దయ్య భుజాల దాకా వచ్చింది.

"ఎండాకాలం దాకా ఎవరూ ముట్టకూడదు," అన్నాడు పెద్దయ్య. "ఆకు రాలి, చెలిమల్లో నీళ్లు ఎండిపోయాక మన ప్రాణాలు నిలబెట్టేది ఇదే."

అందరూ తలలూపారు.

కానీ రాలిన గింజలు ఎలుకలు కూడా తిన్నాయి. కడుపునిండా తిన్న ఎలుకలు ఊరికే కూర్చుంటాయా? పిల్లల్ని పెట్టాయి. ఆ పిల్లలు పిల్లల్ని పెట్టాయి. అడవిలో గింజ అయిపోయేసరికి వాటన్నిటికీ గుహ దారి తెలిసిపోయింది.

సూదమ్మ రోజూ తెల్లవారగానే గుహలోకి వెళ్లేది. ఎలుక కన్నం పక్కన రాయిలా కూర్చునేది. ఎలుక తల బయటపెట్టగానే ఒక్క దూకు. రోజుకు ఏడో ఎనిమిదో పట్టేది. చప్పుడు ఉండేది కాదు, కేకలు ఉండేవి కావు. అందుకే ఆవిడ ఏం చేస్తోందో ఎవరికీ పెద్దగా తెలియదు. పోగు మాత్రం తరగలేదు.

ఒకరోజు టముకు భుజాన ఏదో వేసుకుని ఊగుతూ వచ్చాడు.

"పెద్దయ్యా! లేచి నిలబడండి! ఏం తెచ్చానో చూడండి!"

అది ఎయిర్ గన్. అడవి అంచున మొక్కజొన్న చేనుకి కావలి కాసే ఓబులేసుది. కోత అయిపోయాక అతను దాన్ని మంచె మీద మరిచిపోయి ఊరికి వెళ్లాడు. దానితోపాటు సీసపు గుళ్లున్న చిన్న రేకు డబ్బా కూడా ఉంది. గొట్టం పైన నల్లటి దుర్భిణి బిగించి ఉంది.

"గొట్టాన్ని ఇలా కిందికి వంచితే లోపల స్ప్రింగు బిగుసుకుంటుంది. ఇక్కడ గుండు పెట్టాలి. మళ్లీ గొట్టం తిన్నగా చేసి, దుర్భిణిలో చూసి, టప్!" అన్నాడు టముకు. "ఎలుక మీసాలు కూడా లెక్కపెట్టొచ్చు. ఇక ఎవరూ కన్నాల దగ్గర కాపు కాయక్కర్లేదు."

అంటూ సూదమ్మ వైపు చూసి కన్ను కొట్టాడు.

సూదమ్మ చేను గట్టు మీద పెరిగింది. ఓబులేసు పని ఏళ్ల తరబడి చూసింది.

"అబ్బాయ్, ఓబులేసు పొద్దున్నే ఏం చేసేవాడో చూశావా?" అని అడిగింది.

"చూశాను. మట్టిగోడ మీద బొగ్గుతో సున్నా గీసి, దాన్ని కాల్చుకుంటూ కూర్చునేవాడు. సోమరిపోతు!"

"సోమరితనం కాదు. ఒక్కచోట కూర్చుని ఐదు గుళ్లు పేల్చేవాడు. అవి సున్నాలో పడితేనే ఎలుకల మీదికి వెళ్లేవాడు. పక్కకి పడితే దుర్భిణి మీదున్న బిరడాలు తిప్పి, మళ్లీ ఐదు పేల్చేవాడు. ఎలుక వెనక మట్టి ఉంటేనే పేల్చేవాడు. రాయి ఉంటే తుపాకీ దించేసేవాడు, గుండు తిరిగొస్తుందని. పక్కన ఎవరైనా ఉంటే అసలు ఎత్తేవాడే కాదు."

"అబ్బబ్బ, సూదక్కా! ఒక్క ఎలుకకి ఇన్ని షరతులా? నీ మాట పూర్తయ్యేలోపు ఎలుకకి మనవలు పుడతారు!"

అందరూ నవ్వారు. అయినా పెద్దయ్య, "ఒకసారి చూపించరా," అన్నాడు.

టముకు ఒక మోదుగాకు తెంపి చెలిమ గట్టున మట్టికి గుచ్చాడు. ఇరవై అడుగులు వెనక్కి వెళ్లి పేల్చాడు. ఆకు నడిబొడ్డున గుండ్రంగా చిల్లు పడింది.

అడవంతా చప్పట్లు. కుందేళ్లయితే ముందు కాళ్లు, వెనక కాళ్లు కలిపి కొట్టాయి.

నిజానికి ఆ గురి ఓబులేసుది. అతను సరిచేసి పెట్టిన దుర్భిణి ఇంకా కదల్లేదు. టముకుది ఒక్క వేలే. కానీ ఆ ముక్క టముకుతో ఎవరు చెబుతారు? వాడు ఆ ఆకుని తీగకి గుచ్చి మెడలో వేసుకున్నాడు. ఎవరెదురైనా ఆకుని కంటి దగ్గర పెట్టుకుని, చిల్లులోంచి చూసి పలకరించేవాడు.

మొదటి రెండు రోజుల్లో మూడు ఎలుకలు పడ్డాయి. టప్ అన్నప్పుడల్లా అడవి ఉలిక్కిపడి, ఆ తర్వాత మురిసిపోయేది. అదే రెండు రోజుల్లో సూదమ్మ పదిహేను పట్టింది. వాటికి చప్పుడు లేదు కదా, ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

టముకుకి ఒక పాడు అలవాటుంది. తుపాకీని దుర్భిణి పట్టుకుని ఎత్తేవాడు, సంచీ చెవి పట్టుకున్నట్టు. పనయ్యాక ఆ దుర్భిణినే కొమ్మకి తగిలించేవాడు. తుపాకీ బరువంతా దాని మీద వేలాడేది. మూడో రోజు గాలి వీచింది. తుపాకీ జారి బండ మీద పడింది.

టముకు దూకి దుర్భిణిలో చూశాడు. "అద్దం పగల్లేదు! ఏం కాలేదు!" అని తోకతో తుడిచి మళ్లీ కొమ్మకి తగిలించాడు.

సూదమ్మ ఇదంతా చూసింది.

"టముకూ, అది బండ మీద పడింది. దుర్భిణి వెంట్రుకవాసి కదిలినా గుండు జానెడు పక్కకి పోతుంది. ఇంకో ఆకు గుచ్చి ఐదు గుళ్లు పేల్చు. నీ మంచికే చెబుతున్నాను."

టముకు మెడలోని ఆకు ఎత్తి చూపించాడు. "ఇదేంటి సూదక్కా? కళ్లు కనబడటం లేదా? సరిగ్గా నడిమధ్యన!"

"ఆ ఆకు ఎండిపోయింది అబ్బాయ్. ఆ గురి ఆకు పచ్చగా ఉన్నప్పటిది."

"నీకు కుళ్లు. నీ కొలువు పోతుందని కుళ్లు."

పెద్దయ్య ఆవలించాడు. "పోనిద్దూ సూదమ్మా. ఆకు చూపిస్తున్నాడు కదా."

తలలు ఊగాయి.

ఆ రోజు టముకు ఆరు గుళ్లు పేల్చాడు. ఒక్క ఎలుకా పడలేదు. "ఎలుకలు తెలివి మీరిపోయాయి," అన్నాడు. మర్నాడు ఇంకో ఆరు. "ఇవాళ గాలి తేడాగా ఉంది," అన్నాడు. గుహలో గాలి ఎక్కడిదని ఎవరూ అడగలేదు. టప్ చప్పుడుకి ఎలుకలు సూదమ్మ కాచే కన్నం వదిలేసి, వేరే కన్నాల్లోంచి వచ్చి మేస్తున్నాయి. బియ్యప్పోగు అప్పటికే పెద్దయ్య నడుము దాకా దిగింది.

ఆ మర్నాడు పొద్దున గుహ ముందు అందరూ చేరారు. పోగు మీద ఒక పెద్ద ఎలుక కూర్చుని, తన ఇల్లన్నట్టు తీరిగ్గా గింజలు కొరుకుతోంది. దానికి జానెడు దూరంలో, కన్నం పక్కన నీడలో, సూదమ్మ కూర్చుని ఉంది. తెల్లవారినప్పటి నుంచీ ఆవిడ ఆ ఎలుక కోసమే కాచుకుంది.

టముకు తుపాకీ ఎత్తాడు. దుర్భిణికి కన్ను ఆనించాడు.

"ఆగు బాబాయ్!" అని చింపిరి తోక ఎగరేసింది. "పక్కన పిన్ని ఉంది! సూదమ్మ పిన్ని!"

"ఉష్! నాకు ఎలుక మీసాలు కనబడుతున్నాయి. నీకేం కనబడుతోంది?"

"పిన్ని కనబడుతోంది!"

దుర్భిణిలో ఎలుక ఏనుగంత ఉంది. అద్దమంతా ఎలుకే నిండిపోయింది. ఇంక పక్కన చోటెక్కడిది? చింపిరి గొంతు చిన్నదని మొదటే చెప్పాను కదా. వినబడలేదని తర్వాత అందరూ అన్నారు. వినబడింది. గొంతు చిన్నది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు, అంతే.

టప్!

ఎలుక కన్నంలోకి దూరిపోయింది. సూదమ్మ ఒక్క కేక పెట్టింది. ఆ అడవి ఆవిడ కేక వినడం అదే మొదలు. గుండు ఆవిడ ముందరి కుడికాలిలో దిగింది. దూకడానికి నేల మీద ఊనే కాలు అదే.

పెద్దయ్య తగవుకి కూర్చున్నాడు.

"నా తప్పేం లేదు పెద్దయ్యా," అన్నాడు టముకు. "దుర్భిణిలో గురి ఎలుక మీదే ఉంది. ఇదిగో నా ఆకు!"

పెద్దయ్య ఆకు తీసుకుని చిల్లులోంచి చూశాడు. చిల్లు గుండ్రంగానే ఉంది. అవతల కుడికాలు ఎత్తి పట్టుకుని సూదమ్మ కనబడింది. పెద్దయ్య ఆకు దించేశాడు.

"అసలు ఎలుకల మీద తుపాకీ పేలుతున్నప్పుడు నువ్వక్కడ ఎందుకున్నావమ్మా?" అని అడిగాడు.



"ఎలుకలు పట్టడానికి పెద్దయ్యా," అంది సూదమ్మ.

ఎవరో ముళ్లపంది గొంతు సవరించుకున్నాడు. పెద్దయ్య తీర్పు చెప్పాడు. "తుపాకీ అడవికి గొప్ప. అది ఉండాలి. ఇకమీదట తుపాకీ పేలే చోటికి ముంగిసలు రాకూడదు. ఇది వాళ్ల క్షేమం కోసమే."

అందరూ తలలూపారు. చింపిరి ఊపలేదు. కానీ ఉడుత తల ఊగిందో లేదో ఎవరు చూస్తారు?

సూదమ్మ ఆ మధ్యాహ్నమే ఇద్దరు పిల్లల్నీ వెంటపెట్టుకుని, మూడు కాళ్ల మీద, రెండు కొండల అవతలున్న తూర్పు గట్టుకి బయలుదేరింది. చింపిరి కొంత దూరం వెంట వెళ్లింది.

"పిన్నీ, వెళ్లకు. వాళ్లకి బుద్ధి వస్తుంది."

"వస్తుందే తల్లీ. అది వచ్చేదాకా నా పిల్లలు తినాలి కదా. నువ్వూ వచ్చెయ్."

"నా గూడు ఇక్కడుంది పిన్నీ."

తూర్పు గట్టున కౌజుపిట్టలు ఉండేవి. వాటికీ ఒక గింజల పోగు ఉంది, వాటికీ ఎలుకల బాధ ఉంది. వాటికి తుపాకీ లేదు, పాపం. కుంటి ముంగిసని చూసి నవ్వకుండా, "కూర్చో అక్కా" అన్నాయి. సూదమ్మ దూకలేదు కానీ చెప్పగలదు. కన్నం పక్కన ఎలా కూర్చోవాలో, ఊపిరి ఎప్పుడు బిగపట్టాలో పిల్లలకి నేర్పింది. నెల తిరిగేసరికి పిల్లలిద్దరూ రోజుకి చెరో ఐదు పడుతున్నారు.

ఇక్కడ టముకు గుళ్ల డబ్బా ఖాళీ చేశాడు. మొత్తం నలభై గుళ్లకి ఆ మొదటి మూడు ఎలుకలే దక్కాయి. గుళ్లు లేని తుపాకీతో కూడా రోజూ గురి చూసేవాడు. ఎలుకలు మొదట్లో పారిపోయేవి. తర్వాత మానేశాయి.

ఆకు రాలేనాటికి గుహలో ఊక మిగిలింది. పావురాలు రెక్కలున్నాయి కాబట్టి ఎగిరిపోయాయి. చెలిమలు ఎండాయి. చింపిరి బెరడు గీకి తిని బతికింది. కుందేలు ఇంట్లో నలుగురు పిల్లలుండేవాళ్లు. తొలకరి వానకి ఇద్దరున్నారు.

ఆ వానకి ముందు, ఎండలు ముదిరిన ఒకరోజు పెద్దయ్య బండ మీద కూలబడి, "ఒరే టముకూ, సూదమ్మ ఎక్కడుందో చూడరా," అన్నాడు.

టముకు దుర్భిణిలోంచి తూర్పు గట్టు చూశాడు.

"కనబడుతోంది పెద్దయ్యా! కుంటుతోంది. కౌజుపిట్టలు గింజలు పంచుకుంటున్నాయి. అబ్బ, ఎంత పోగో! ఎంత దగ్గరగా ఉందో!"

వాడు దుర్భిణికి కన్ను ఆనించే ఉంచి, చెయ్యి చాపాడు. ఆకలి అలాంటిది. గుప్పెడు గాలి పట్టుకుని గుప్పిట విప్పి చూసుకున్నాడు.

"అంత దగ్గరగా ఉంటే పిలవరా మరి," అన్నాడు పెద్దయ్య.

జీవితంలో మొదటిసారి టముకుకి గొంతు రాలేదు. రెండు కొండల అవతలికి ఏమని పిలుస్తాడు? రమ్మంటే ఆవిడ మూడు కాళ్ల మీద రావాలి. వద్దన్నది వీళ్లే. చేతికేదైనా తగులుతుందేమోనని మెడలో తడుముకున్నాడు. ఆకు ఎప్పుడో పొడైపోయింది. ఉత్త తీగ వేలాడుతోంది.

"బాబాయ్ ఆకు పోయింది," అంది చింపిరి నీరసంగా. "చిల్లొక్కటే మిగిలింది."

ఇంకో రోజైతే ఆ మాటకి అడవంతా పడిపడి నవ్వేది.

నీతి: గురి సరిచూసుకోనివాడు పేలిస్తే దెబ్బ తగిలేది పక్కన పనిచేసుకునేవాళ్లకి, వాడికి చప్పట్లు కొట్టినవాళ్లకి దక్కేది ఆకలి.