జీళ్ళవాళ్ళ వ్యానులో ముత్యాలు పడక

జరగండి, జరగండి. ఒరే భార్గవా, ఆ కాలు తియ్యి, చెల్లి మొహం మీదుంది. ఆఁ, ఇప్పుడు చెప్తాను. ఊ కొట్టకపోతే మాత్రం ఆపేస్తాను, నాకేం పోయింది, నేనూ పడుకుంటాను.

అనగనగా ఒక ఊళ్ళో అని మొదలెడదామంటే వీళ్ళకి ఊరే లేదర్రా. అందుకని, అనగనగా ఒక వ్యానులో ఒక జీళ్ళవాడు ఉండేవాడు. పేరు గవర్రాజు. ఎక్కడ తీర్థం, అదే జాతర, జరిగితే అక్కడికి పోయి, బెల్లం పాకం పట్టి, సాగదీసి, సాగదీసి, నువ్వులద్ది జీళ్ళు అమ్మేవాడు. వాడి పెళ్ళాం మంగతాయారు, వాళ్ళమ్మ నూకాలమ్మ. పిల్లలు నలుగురు. పెద్దోడు పైడయ్య, నడిపోడు నారాయుడు, మూడోది ముత్యాలు, కడగొట్టుది కనకం. ఊ కొడుతున్నారా?

మొదట్లో గవర్రాజు ఒక్కడే తిరిగేవాడు. ఎప్పుడో గానీ ఇంటి మొహం చూసేవాడు కాదు. ఒకసారి ఇంటికొస్తే ముత్యాలు వాణ్ణి చూసి, అమ్మా ఎవరో వచ్చారే అందిట! మంగతాయారుకి కళ్ళనీళ్ళు ఆగలేదు. ఇక లాభం లేదు, తిరిగితే అందరం కలిసే తిరుగుదాం అని పట్టుబట్టింది. ఉన్న ఇల్లు అమ్మేసి, పాలవాళ్ళు వదిలేసిన పాత వ్యాను ఒకటి కొన్నారు. కడిగారు, రంగేశారు, కిటికీలు కోశారు. స్టవ్వు పెట్టారు, పాకం మూకుడు పెట్టారు, బెల్లం డబ్బాలు పెట్టారు, బియ్యం పెట్టారు, బట్టలు పెట్టారు. అన్నీ పెట్టి చూసుకుంటే, పిల్లలు పడుకునే చోటు పెట్టడం మరిచిపోయారు! నవ్వుతారేం, ఇల్లు కట్టి గుమ్మం మరిచిపోయేవాళ్ళు కూడా ఉంటారు లోకంలో.

పెద్దాళ్ళకి బెంగ లేదు. మొగుడూ పెళ్ళాం వ్యాను పక్కన చాపేసుకుంటారు, ముసలావిడ ముందు సీట్లో ముడుచుకుంటుంది. పిల్లల్ని బయట పడుకోబెడదామంటే పురుగూ పుట్రా భయం. లోపల వ్యాను పొడుగునా ఒక్క బల్ల మిగిలింది. దాని మీద ముగ్గురే పట్టారు. నాలుగోది ఎక్కితే మొదటోడు కింద, మొదటోడు ఎక్కితే నాలుగోది కింద.

గవర్రాజు బుర్రకి పని పెట్టాడు. పైన ఉయ్యాల కడదామంటే పైనున్న కమ్మీ తుప్పు. డబ్బాల మీద పక్కేద్దామంటే డబ్బాల నిండా బెల్లం, బెల్లం నిండా చీమలు, చీమల నోట్లో కనకం కాలు! అది పెట్టిన కేకకి తీర్థంలో జనమంతా ఇటు తిరిగారు.

అప్పుడు మంగతాయారు ఇద్దరి తలలు ఇటు, ఇద్దరి తలలు అటు పెట్టి పడుకోబెట్టింది. భుజం పక్కన భుజం అయితే ఇరుకు గానీ, భుజం పక్కన కాళ్ళకెంత చోటు కావాలి? నలుగురూ సరిపోయారు. హమ్మయ్య అనుకునేలోపు నూకాలమ్మ లబోదిబోమంది. వ్యాను మూతి ఉత్తరానికుంది మరి! అంటే ఇద్దరి తలలు ఉత్తరానికి. ఉత్తరం వైపు తల పెడితే ఆయుష్షు తగ్గిపోదూ? నా కంఠంలో ప్రాణముండగా ఒప్పుకోనంది. సరేనని అందరి తలలూ దక్షిణానికి తిప్పారు. మళ్ళీ ముగ్గురే పట్టారు.

నూకాలమ్మ చెడ్డదేం కాదర్రా, పిల్లలంటే ప్రాణం, అందుకే ఆ భయం. ఆలోచించి, ఆలోచించి, ముత్యాలుని తన చెల్లెలి దగ్గర వదిలేద్దామంది. రేప్పొద్దున ఆ ఊరి మీంచే వెళ్తాం, దింపేసి, తీర్థాలన్నీ అయ్యాక తెచ్చుకుందామంది. అంటూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. గవర్రాజు సరే సరే అన్నాడు. వాడు దేనికైనా సరే సరేనే!

మరి ముత్యాలు ఏం చేసిందో తెలుసా? ఏడవలేదు. వాళ్ళమ్మ దగ్గరికొచ్చి, అమ్మా, నాకు పడుకోడానికి చోటక్కర్లేదే, నేను కూర్చునే నిద్రపోతాను, అంది.

ఆ మాటకి తల్లి దాని తల నిమిరి, చటుక్కున లేచింది. ఉండండి. లల్లీ, ఆ మంచినీళ్ళిలా అందుకో.

ఆఁ. మంగతాయారు అత్తగారి పక్కన చేరి, అత్తా, అసలు ఏ దిక్కు తల పెట్టుకోవచ్చో చెప్పవా అని అడిగింది. చెప్పమంటే నూకాలమ్మకి పరమానందం. సొంతింట్లో తూర్పు, అత్తారింట్లో దక్షిణం, పరాయి ఊళ్ళో పడమర, ఉత్తరం మాత్రం చచ్చినా వద్దు అని గడగడా అప్పజెప్పింది. అయితే తూర్పూ మంచిదే, పడమరా మంచిదేనా అని కోడలు మళ్ళీ అడిగింది. లక్షణంగా, అంది అత్త.

అంతే! మంగతాయారు కొంగు బిగించి మొగుణ్ణి కేకేసింది. పిల్లల్ని తిప్పింది చాలు, వ్యానుని తిప్పు, మూతి తూర్పుకి పెట్టు అంది. గవర్రాజు ఈసారి సరే సరే అనలేదు. ఉత్తరం కుబేరుడి దిక్కు కదా, అటు మూతి పెట్టి ఆపితేనే బేరాలని వాళ్ళ నాన్న తోపుడు బండి నాటి నుంచీ ఆనవాయితీ. మంగతాయారు ఊరుకుందా? పగలు అటే పెట్టుకో, ఎవరొద్దన్నారు, దుకాణం కట్టేశాక కుబేరుడు మాత్రం నిద్దరోడా అంది.

నూకాలమ్మ ఫక్కున నవ్వేసింది. గవర్రాజు ముందుకి పోనిచ్చి, వెనక్కి తెచ్చి, ముందుకి పోనిచ్చి, వెనక్కి తెచ్చి, పొద్దుగూకేలోపు మూతి తూర్పుకి పెట్టాడు. ఇద్దరి తలలు తూర్పుకి, ఇద్దరి తలలు పడమరకి, ఉత్తరానికి ఒక్క తలా లేదు! అత్తగారు ఇంకేం వంక పెడుతుందోనని కోడలు ఆవిడ మొహంలోకి చూసింది. నూకాలమ్మ వేళ్ళు మడిచి లెక్కేసి, వ్యాను మన సొంతిల్లు కాబట్టి తూర్పు సరే, ఊరు పరాయిది కాబట్టి పడమరా సరే, అని తనే తీర్పు చెప్పేసింది. అందరికీ ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు నూకాలమ్మ ముత్యాలుని ఒళ్ళోకి లాక్కుని, నీ తల తూర్పుకా పడమరకా, నువ్వే చెప్పవే అని అడిగింది.

"నాన్న గురక ఎటు వినిపిస్తే అటు," అంది ముత్యాలు.

నూకాలమ్మ దాన్ని గట్టిగా కావిలించుకుంది. నా తల్లే, నా నోటితో నేనే నిన్ను పంపేసేదాన్ని కదే, అని వలవలా ఏడ్చేసింది.

కాబట్టి చోటు చాలకపోతే ముందు ఇల్లు తిప్పి చూసుకోవాలి గానీ, పిల్లల్ని పంపేసుకుంటారా ఎవరైనా? వాళ్ళ వ్యాను ఇంకో తీర్థానికి, కథేమో కంచికి, మనం దుప్పట్లోకి.