బడబాక్షుడి చిలక ఉండే చోటు

పిల్లలూ, ఇటు జరిగి కూర్చోండి. మీ తాతల తాతలకి కూడా తాతలు పుట్టకముందు, సముద్రం ఒడ్డున పల్లపుసీమ అని ఒక రాజ్యం, దానికి సోమధరుడని ఒక రాజు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు అమరసేనుడు, చేతిలో కత్తి దింపడు. రెండోవాడు రణసేనుడు, గుర్రం దిగడు. మూడోవాడు మందారుడు, వంటింట్లోంచి కదలడు.

ఒకరోజు పొద్దున్న మందారుడు పొయ్యి ముందు కూర్చుని ఉంటే కాళ్ళకి ఏదో చల్లగా తగిలింది. కిందికి చూసి కొయ్యబారిపోయాడు. పొయ్యిలో బూడిద నీళ్ళ మీద తేలుతోంది. గిన్నెల మధ్య ఒక చేపపిల్ల ఈదుతోంది. సముద్రం కోట లోపలికి వచ్చేసింది.

ఇదంతా బడబాక్షుడనే మాంత్రికుడి పని. మూడేళ్ళ కిందట వాడొచ్చి "నీ రాజ్యం నాకివ్వు" అన్నాడు. రాజు ఇవ్వనన్నాడు. "అయితే సముద్రానికిచ్చేస్తాలే" అన్నాడు వాడు. ఆ రోజు నుంచి సముద్రం రోజుకో అడుగు ముందుకొస్తూనే ఉంది. పొలాలు పోయాయి, ఊళ్ళు పోయాయి. జనమంతా కోట చుట్టూ పడవల్లో బతుకుతున్నారు.

పోతూ పోతూ వాడు ఇంకో మాట కూడా అన్నాడు. "ఏడు సముద్రాల అవతల నాకు కొంత నేల ఉంది. పైన కొండ, కింద ఎడారి. నీ కొడుకుల్లో ఒకడొచ్చి ఆ నేల మీద ఏడాది బతికి చూపిస్తే అదంతా మీ జనానికే. కానీ అక్కడ నిలబడి 'ఇక్కడ నేను బతకలేను' అన్నవాడు ఎవడైనా సరే, అక్కడికక్కడే రాయైపోతాడు."

మొదటి ఏడు పెద్దవాడు వెళ్ళాడు. తిరిగి రాలేదు. రెండో ఏడు రెండోవాడు వెళ్ళాడు. తిరిగి రాలేదు. ఇప్పుడు చేప వంటింట్లోకి వచ్చింది.

"నాయనా, ఇంకో ఏడాదిలో ఈ కోట కప్పు కూడా కనపడదు. నిన్ను పొమ్మనడానికి నాకు నోరు రావట్లేదు" అన్నాడు రాజు.

"మీరు అనకండి నాన్నగారూ. నేనే వెళ్తాను" అన్నాడు మందారుడు. ఒక గిన్నె, కాసిని బియ్యం మూట కట్టుకున్నాడు.

ఆరు సముద్రాలు పడవలో దాటాడు. ఏడో దాంట్లో పడవ మునిగిపోతే, మూట నెత్తిన కట్టుకుని, సొరకాయ బుర్ర పట్టుకుని ఈదుకుంటూ దాటాడు. ఒడ్డున ఎడారి, ఎడారి చివర కొండ. ఇసుక చూడగానే కళ్ళు మండాయి, మంచు చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఎండలో పుట్టినవాడు కదా, చల్లగా ఉన్నవైపు నడిచాడు.

పల్లపుసీమలో ఒక ఆచారం ఉంది. కొత్త చోట అడుగుపెడితే ముందు పాలు పొంగించాలి. పాలు పొంగిన చోటుని ఏడాది దాకా వదలకూడదు. మందారుడు కొండ మీద ఒక మేకని బతిమాలి పాలు పిండుకుని పొయ్యి మీద పెట్టాడు. పుల్లలు సరిగ్గా అంటుకోక ముందే పాలు భుస్సుమని పొంగిపోయాయి. ఇంత తొందరగా పొంగడం పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఎంత మంచి చోటో అనుకున్నాడు.

తర్వాత బియ్యం పెట్టాడు. పొద్దు తిరిగింది, నీళ్ళు తెర్లుతూనే ఉన్నాయి. నోట్లో వేసుకుంటే పలుకు. ఇంకా కాసేపు ఉడికించాడు. పలుకే. నీళ్ళు పోసి మళ్ళీ ఉడికించాడు. మళ్ళీ పలుకే. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. చెయ్యి గడ్డకట్టే చలిలోనే, మంచు మీద పడ్డ ఎండకి మొహం కాలి పొట్టు లేచింది. చలి చలే, ఎండ ఎండే, రెండూ ఒక్కసారే. ఇలాంటిది ఉంటుందని వాడికి ఎవరూ చెప్పలేదు.

చలికాలం ముదిరింది. పుల్లలు ఏరుకుందామని ఒక బండ వెనక్కి వెళ్ళి అక్కడే ఆగిపోయాడు. బండ కాదు, మనిషి. గడ్డం నిండా మంచు, చేతిలో కత్తి. పెద్దన్న. పక్కన రాతి గిన్నె, గిన్నె నిండా రాతి మెతుకులు.

మందారుడు అన్న భుజం మీది మంచు దులిపాడు. "ఇక్కడ నేను బత—" అనబోయాడు. వెనకనుంచి మేక వచ్చి డొక్కలో ఒక్క పోటు పొడిచింది. వాడు బోర్లా పడ్డాడు.

"నోరు మూసుకో అబ్బాయ్. ఒకడు చాలు ఇక్కడ రాయి, నాకు దారికడ్డం" అంది మేక.

సరిగ్గా అప్పుడు ఒకమ్మాయి పంజరాన్ని కంబళిలో చుట్టుకుని కొండ దిగుతూ కనపడింది. పేరు సైకతి, బడబాక్షుడి కొలువులో ఉండే ఎడారి పిల్ల. పంజరంలో ఒక ఆకుపచ్చ చిలక.

"రాజుగారబ్బాయీ, ఇంకా పైనే ఉన్నారేం? నడవండి కిందికి, ఇప్పుడు ఎడారి బాగుంటుంది" అంది.

"రాకూడదు. ఇక్కడ పాలు పొంగించాను. ఏడాది కదలకూడదు."

"ఎవరు చెప్పారు?"

"మా పల్లపుసీమలో అందరూ."

"మీ పల్లపుసీమ ఇప్పుడెక్కడుంది?"

మందారుడికి చెంప మీద కొట్టినట్టయింది.

"మాంత్రికుడు ఒకచోటే ఉండమన్నాడా? నేల మీద బతకమన్నాడు. కొండా ఆయన నేలే, ఎడారీ ఆయన నేలే. మీ పెద్దన్నయ్యా ఇలాగే పాలూ పాలూ అని కూర్చున్నారు. చిన్నన్నయ్య కింద పొంగించుకుని, ఎండల్లో పైకి రమ్మంటే రానన్నారు. ఈ చిలకని చూడండి, ఎండాకాలం కొండ మీద, చలికాలం ఎడారిలో. పన్నెండేళ్ళుగా దీన్ని మోయడమే నా పని. ఇది తుమ్మితే బడబాక్షుడు తుమ్ముతాడు. ఆయన ప్రాణం దీన్లోనే ఉంది."

మందారుడు గిన్నె తీసుకుని ఆమె వెనకే దిగాడు. మేక కూడా వచ్చింది. కింద ఒంటె ఎదురొచ్చింది.

"ఏముందయ్యా నీ ఎడారిలో? ఇసుక తప్ప" అంది మేక.

"నీ కొండ మీద ఏముందమ్మా? ఊపిరి కూడా కొలుచుకుని పీల్చాలి" అంది ఒంటె.

ఎడారి కదా అని మందారుడు కంబళి అవతల పడేశాడు. పగలు హాయిగా ఉంది. అన్నం మల్లెపూవులా ఉడికింది, తిని ఏడ్చాడు. కానీ పొద్దు వాలగానే చలి ఎముకల్లోకి దిగింది. తెల్లారి చూస్తే కుండలో నీళ్ళ మీద మంచుపొర. పిచ్చివాడిలా ఆ పొరనే చూస్తుంటే ఒంటె కంబళి నోట కరుచుకొచ్చింది. "ఇసుక పగటికి పగలే, రాత్రికి రాత్రే. దేన్నీ దాచుకోదు" అంది.

ఎండలు ముదిరాయి. ఊట బావి రోజుకో చెంబు తగ్గుతోంది. ఇసుక గాలికి రెండో అన్న నడుం దాకా బయటపడ్డాడు, రాతి గుర్రం మీద. మందారుడు అన్న మొహం తుడిచి, సైకతి దగ్గరికి వచ్చాడు.

"చిలకని ఎప్పుడు పైకి తీసుకెళ్ళాలి?"

"రేపు పున్నమికి."

"ఒక్క నాలుగు రోజులు ఆపగలవా? దీనికి తగిలిన ఎండ ఆయనకీ తగలాలి."

సైకతి వాడి మొహంలోకి చూసింది. "దానికేమైనా అయితే?"

"నీళ్ళు నా వంతువి కూడా దానికే పెడదాం. చావనివ్వను."

ఆ పున్నమి నాడే బడబాక్షుడు కొండ దారికి తన మాయతో పెద్ద పెద్ద బండలు అడ్డం దొర్లించాడు. రాజకుమారుడు ఎండలో చిక్కుకుంటే రెండు రోజుల్లో నోరు జారతాడని వాడి లెక్క. చిలక పైకి చేరిపోయి ఉంటుందనుకున్నాడు.

మొదటి రోజు చిలక ముక్కు తెరిచింది. కొండ మీద మంచులో కూర్చున్న బడబాక్షుడికి చెమటలు పట్టాయి. రెండో రోజు చిలక రెక్కలు వేలాడేసింది. వాడికి నాలుక పిడచకట్టింది. మూడో రోజు వాడు గాల్లో ఎగురుకుంటూ వచ్చి ఎడారిలో పడ్డాడు. పంజరం చూసి వాడి మొహం పాలిపోయింది.

"అది ఇంకా ఇక్కడే ఉందా? దాన్ని పైకి పంపించు."

"దారి మూసింది మీరే కదా. తెరవండి" అన్నాడు మందారుడు. వాడి పెదాలు పగిలి నెత్తురొస్తోంది.

బడబాక్షుడు మంత్రం చదవబోయాడు. గొంతు ఎండిపోయి మాట పెగల్లేదు. మళ్ళీ చదవబోయాడు, దగ్గొచ్చింది. మూడోసారి ఇసుకలో మోకాళ్ళ మీద కూలబడి, "నీళ్ళు… నీళ్ళు… ఇక్కడ నేను బతకలేను" అన్నాడు.

అంతే. పాదాల నుంచి నెత్తి దాకా రాయైపోయాడు. మందారుడు, సైకతి, ఒంటె, మేక, నలుగురూ నోళ్ళు తెరుచుకుని నిలబడిపోయారు. శాపం పెట్టినవాడికీ అదే శాపమని వాళ్ళలో ఎవరూ అనుకోలేదు.

కొండ దారిలో బండలు పొడైపోయాయి. రణసేనుడు గుర్రం మీద తుమ్మాడు. పైనుంచి అమరసేనుడు కత్తి ఊపుకుంటూ దిగి వచ్చి "అన్నం ఉడికిందా?" అని అడిగాడు. సైకతి పంజరం తలుపు తీసింది. చిలక కొండవైపు ఎగిరిపోయింది, ఈసారి ఎవరూ మోయకుండానే.

ఏడాది నిండింది. కబురందుకుని పల్లపుసీమ జనం పడవల్లో వచ్చారు. మునిగిన రాజ్యం తేలలేదు. మందారుడు జనానికి సంగతి చెప్పాడు, చలికి కిందా ఎండకి పైనా అని. ముసలివాళ్ళు విని నిర్ఘాంతపోయారు. "ఏటా ఇల్లు మారాలా?" అన్నారు. "ఏటా ఒకసారి కాదు, రెండుసార్లు" అంది సైకతి.

కొండ మొదట్లో, మంచూ ఇసుకా కలిసే చోట మందారుడికీ సైకతికీ పెళ్ళయింది. అన్నలిద్దరూ తలంబ్రాలు అందించారు. ఒంటె, మేక పెళ్ళిలో కూడా పోట్లాడుకున్నాయి. సోమధరుడు కొడుక్కి పట్టం కట్టాడు. వాళ్ళిద్దరూ జుట్టు నెరిసి, మనవల మనవల్ని ఎత్తుకునేదాకా చల్లగా ఏలారు.

ఇప్పటికీ ఆ దారిన పోయే బాటసారులు అక్కడి పిల్లల్ని "మీదే ఊరర్రా?" అని అడుగుతారట. ఆ పిల్లలు ఆశ్చర్యంగా చూసి, "ఏ నెలలోనండీ?" అంటారట.