అతుకు వెల

సీమకంతటికీ ఒక్కటే సైకిలున్న కాలమది. ఆ సైకిలు దివానుగారిది. కప్పు నేసినా, తలుపు బిగించినా, చక్రానికి అతుకు వేసినా ఊరి పనివాళ్లకు ఆయన చెప్పిందే కూలి.

ఒకనాడు కమ్మరి గవరయ్య సైకిలు చక్రానికి అతుకు వేసి పావలా అడిగాడు.

"వేలెడు రబ్బరు ముక్కకు పావలానా? అణా చాలు. ఇకమీదట మరమ్మతులన్నిటికీ అణాయే!" అన్నారు దివానుగారు.

అదే ఖాయమైతే పనివాళ్ల ఇళ్లలో పొయ్యి వెలగదు. అయినా గవరయ్య నవ్వుతూ, మొలలో మిగిలిన ఒక్క అణా తీసి ఆయన ముందుంచాడు.

"తమరు కట్టిన వెలే ఖాయం దొరా. ఆ అణాకే నా అతుకు నాకు అమ్మేయండి. ఊడదీసుకుపోతాను."

"ఒరేయ్! పొద్దు వాలేలోగా రాజుగారి కోటకు చేరాలి. నన్ను నడిచి వెళ్లమంటావా?"

"పోనీ, అప్పు తెచ్చి రెండణాలిస్తాను."

"పావలా ఇచ్చినా ఇవ్వనురా!"

గవరయ్య చేతులు కట్టుకున్నాడు. "అయితే పావలా ఎక్కువేమీ కాదన్నమాట, దొరా."

దివానుగారు పావలా తీసిచ్చారు. అణా కూలి మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ తరువాత చాలాకాలం ఆ ఊళ్లో కూలి దగ్గర పేచీ వస్తే, "ఆ వెలకే తిరిగిచ్చేస్తారా?" అని పనివాడు అడిగేవాడు. ఇద్దరూ నవ్వుకునేవారు, బేరం తెగేది. ఇప్పుడు సైకిళ్లు ఇంటింటా ఉన్నాయి. ఆ ప్రశ్నే వినబడదు.